సేద్యపరచుటకును, కాచుటకును: కోత పండుగ ముందు సాయంత్రం గుంటూరులో చేసిన ప్రసంగ పాఠం

సంఘ కాపరి అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, పంటలో తొలి భాగం దేవుడికి అర్పించే రేపటి కోత పండుగ పనులతో పొద్దుటి నుంచి అలసిపోయి కూడా ఈ సాయంత్రం వచ్చి కూర్చున్న స్త్రీల సమాజం వారికి, యౌవనులకు ప్రభువు నామమున వందనాలు.

ఆదికాండము మొదటి నాలుగు అధ్యాయాల మీద మాట్లాడమని అయ్యగారు నన్ను అడిగారు. నేను వేదాంత కళాశాలలో చదివినవాణ్ణి కాను. 30 ఏళ్లపాటు పిల్లలకు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆరు దినాల సృష్టి మీద, సర్పం మీద, తినవద్దన్న పండు మీద మీరు సండే స్కూలు రోజుల నుంచి ఎన్నో వర్తమానాలు విని ఉంటారు. అందుచేత ఆ పొలమంతా మళ్లీ దున్నే పని నేను పెట్టుకోను. ఒక్క మాట పట్టుకుని రెండో అధ్యాయంలో బయలుదేరి నాలుగో అధ్యాయం చివరి దాకా నడిచి వస్తాను. ఆ మాట మీకు కొత్తది కాదు. మన ఇళ్లలో ఏ పూట ప్రార్థన చేసినా మొదటి వాక్యం దాదాపు ఒకటే: "ఇంతవరకు మమ్మును కాచి కాపాడిన తండ్రీ." ఆ "కాచి" అన్న మాటే నేటి అంశం.

దేవుడు మనలను కాస్తాడన్నది మన నమ్మకం. నూటఇరవయ్యొకటవ కీర్తన మనలో చాలామందికి కంఠస్థం: "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు." అయితే ఆ కీర్తనలో కాపాడడానికి వాడిన హెబ్రీ మాట, షామర్ అన్న మాట, బైబిలులో మొట్టమొదట కనబడేది దేవుడి పనిగా కాదు, మనిషి పనిగా. ఆదికాండము 2:15 చూడండి: "దేవుడైన యెహోవా నరుని తీసికొని ఏదెను తోటను సేద్యపరచుటకును దాని కాచుటకును దానిలో ఉంచెను." మనం రోజూ దేవుడి దగ్గర అడిగే పనిని దేవుడు మొదట మన చేతికి ఇచ్చి ఉన్నాడు. ఈ వరస గమనించిన నాటి నుంచి "కాచి కాపాడిన" అంటూ ప్రార్థన మొదలుపెట్టేటప్పుడు నాకు కొంచెం గొంతు తడబడుతున్నది.

మొదటి అధ్యాయాన్ని నేను తొందరగా దాటిపోతాను కానీ, ఒక చోట ఆగకుండా వెళ్లలేను. రెండో వచనంలో దేవుని ఆత్మ జలములపైన "అల్లాడుచుండెను" అని మన అనువాదకులు వ్రాశారు. ద్వితీయోపదేశకాండము 32:11లో పక్షిరాజు తన పిల్లలపైని "అల్లాడుచు" రెక్కలు చాపుకొను సంగతి ఉంది. హెబ్రీలో ఆ రెండు చోట్లా ఒకటే క్రియ, తెలుగులోనూ ఒకటే క్రియ. ఇంకా రూపమే లేని నీటి మీద దేవుడు తల్లిపక్షిలా రెక్కలాడిస్తూ ఉన్నాడన్నమాట. వెలుగు కమ్మని పలకడానికి ముందే ఆ కాపు ఉంది. తరువాత వచ్చే "లోపరచుకొనుడి", "ఏలుడి" అన్న ఆజ్ఞలను ఈ రెక్కల నీడలోనే చదవాలని నా అభిప్రాయం. ఏలుడి అన్న మాటను పట్టుకుని లోకమంతా మన భోజనమే అనుకునేవారు ఆ తరువాతి వచనం కూడా చదవాలి. అక్కడ మనిషికి ఆహారంగా ఇచ్చినవి విత్తనములిచ్చు మొక్కలు, చెట్ల ఫలములు మాత్రమే. మాంసము తినడానికి సెలవు దొరికింది జలప్రళయం తరువాత, తొమ్మిదో అధ్యాయంలో. రేపు మన విందులో కోడికూర ఉన్నదని నాకు తెలుసు, దాన్ని వద్దనడానికి ఈ మాట చెప్పడం లేదు. ఏలమన్న మొదటి రోజున ఆ ఏలుబడిలో రక్తం లేదని మాత్రమే చెబుతున్నాను.

ఇక రెండో అధ్యాయం. దేవుడు నేలమంటితో నరుని నిర్మించెను. హెబ్రీలో నేల అదామా, నరుడు ఆదామ్. మన్నులోంచి తీసినవాడికి మన్ను పేరే పెట్టి, ఆ మన్ను మీదనే పనికి నిలిపాడు. ఆ పనికి రెండు క్రియలు. సేద్యపరచుట అని మనం చదివే మొదటి మాటకు హెబ్రీలో సేవ చేయుట అనే అర్థం కూడా ఉంది. రెండోది కాచుట. ఈ జంట ఇక్కడితో ఆగిపోదు. సంఖ్యాకాండము మూడో అధ్యాయంలో ప్రత్యక్షగుడారము అనే ఆరాధన స్థలం దగ్గర, దాని సేవకు నియమించబడిన లేవీయులు చేయవలసిన పనిని చెప్పేటప్పుడు ఇవే రెండు క్రియలు మళ్లీ జంటగా వస్తాయి. గుడారంలో లేవీయుడు చేసేది ఆరాధన అయితే, తోటలో ఆదాము చేసినదీ ఆరాధనే. గుడికి వెళ్లడం ఒక పని, చేనికి వెళ్లడం వేరొక పని అన్న విభజన ఏదెనులో లేదు.

కాచుట అనే మాటకు మన తెలుగు కూడా బాగా సాయపడుతుంది. చేను కాయడం, ఇల్లు కాయడం అంటాం. చెట్టు కాసింది అని కూడా అంటాం. కాపు అంటే రక్షణ, కాపు అంటే రైతు, మామిడి కాపుకు వచ్చింది అన్నప్పుడు కాపు అంటే ఫలసాయం. ఈ మాటల ధాతువులు వేరు వేరే కావచ్చు, కాని వందల ఏళ్లుగా ఒకే నోట నలిగి ఇవి చుట్టాలైపోయాయి. కాయనివాడి చెట్టు కాయదు అని మన రైతుకు ఎవరూ వ్యాకరణం చెప్పనక్కర లేదు. గొఱ్ఱెలను నడిపించేవాడు కాపరి, సంఘాన్ని నడిపించే అయ్యగారు సంఘ కాపరి, రాత్రి వీధిలో కర్ర తట్టుకుంటూ తిరిగేవాడు కావలివాడు. ఈ కడపటి మాటను గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కాయడం అంటే ఏమిటో నాకు బైబిలు చదివే వయసు రాకముందే మిర్చి కళ్లంలో తెలిసింది. మా నాన్న రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసేవారు. కోసిన కాయలను ఊరి బయట కళ్లంలో ఎండబెట్టి, సాయంత్రానికి కుప్ప చేసి, పట్టా కప్పి, రాత్రి ఎవరో ఒకరు పక్కనే పడుకోవాలి. దొంగల భయం కొంత, అకాల వాన భయం అంతకంటే ఎక్కువ. తడిసిన కాయకు రంగు పోతుంది, యార్డులో దాని ధర పడిపోతుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు ఒక రాత్రి ఆ కాపలా నాకూ మా తమ్ముడికీ పడింది. వాడికి పదేళ్లు. పక్క ఊళ్లో నాటకం ఉందని తెలిసి, వాణ్ణి కుప్ప దగ్గర పడుకోబెట్టి, అర్ధరాత్రికి వచ్చేస్తానని చెప్పి నేను వెళ్లిపోయాను. వాన వచ్చింది. నేను కళ్లానికి పోకుండా, భయంతో నేరుగా ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో మా నాన్న లాంతరు పట్టుకుని ఉన్నారు. ఆయన మొదట అడిగింది, "కాయలు తడిశాయా?" అని. లోపలి నుంచి మా అమ్మ అడిగింది, "తమ్ముడేడిరా?" అని. ఆ రెండు ప్రశ్నల్లో దేనికీ నా దగ్గర జవాబు లేదు. నాకు తెలియదు అన్నాను. ఆ మాటే అన్నానని నాకు బాగా జ్ఞాపకం. మేము వెళ్లేసరికి వాడు పట్టా మూలలు రాళ్లతో అదిమి, దాని మీద తానే అడ్డంగా పడుకుని, తడిసి ముద్దయి ఉన్నాడు. కాయలు కొంత దక్కాయి. వాడికి వారం రోజులు జ్వరం వచ్చింది.

మూడో అధ్యాయంలోకి వస్తే, తోటను కాయవలసినవాడు ఉండగానే సర్పం తోటలో మాట్లాడుతున్నది. దాని తర్కాన్ని విప్పడం నా పని కాదు. తరువాత జరిగినది చూడండి. తినవద్దన్న పండు తిన్నాక ఆదాము హవ్వలు అంజూరపు ఆకులు కుట్టి కచ్చడములు చేసుకున్నారు. చల్లపూట తోటలో దేవుని స్వరం విని చెట్ల మధ్య దాక్కున్నారు. చల్లపూట అన్న మాట ఎంత అందమైనదో మన గుంటూరు ఎండలు ఎరిగినవారికి వేరే చెప్పనక్కర లేదు. పగలంతా మాడిన ఇంటి అరుగు మీద నీళ్లు చల్లుకుని, మనిషికి మనిషి తోడుగా కూర్చునే వేళ అది. సరిగ్గా ఆ వేళకు వచ్చి, కూర్చుని మాట్లాడుకోవలసినవాడు కనబడక, దేవుడు "నీవు ఎక్కడ ఉన్నావు" అని పిలిచాడు. బైబిలులో దేవుడు మనిషిని అడిగిన మొదటి ప్రశ్న అదే.

శాపం దగ్గర మన అనువాదకులకు నేను మనసులో నమస్కారం పెట్టుకుంటాను. నేల "ముండ్ల తుప్పలను గచ్చపొదలను" మొలిపించును అని వ్రాశారు. గచ్చపొద మన పుంతల పక్కన, చెరువు గట్ల మీద ఉండేది. ఆ గచ్చకాయలతోనే మన ఆడపిల్లలు అరుగుల మీద ఆడుకునేవారు. ఏదెను వెలుపల మొలిచిన ముల్లును మన గట్టు మీద మొలిచిన ముల్లుగా చేసి చూపించారు. దీనికి తోడు నాకు తోచిన సంగతి ఒకటుంది. మన రైతు ఆ ముళ్లనే నరికి, కంపగా లాక్కొచ్చి, చేనుకు కంచె వేస్తాడు. శిక్షగా వచ్చిన ముల్లు కూడా మళ్లీ కాపలాకే పనికివచ్చింది. ఇది వ్యాఖ్యానం కాదు, చేలో నిలబడినవాడికి కనబడే సంగతి మాత్రమే.

అధ్యాయం చివరి వచనం: దేవుడు ఆదామును వెళ్లగొట్టి, తోటకు తూర్పుదిక్కున కెరూబులనే దేవదూతలను, "జీవవృక్షమునకు పోవు మార్గమును కాచుటకు" ఖడ్గజ్వాలను నిలువబెట్టెను. ఇక్కడ కూడా షామరే. మనిషికి ఇచ్చిన ఉద్యోగం మనిషి చేతి నుంచి తీసి వేరొకరికి అప్పగించారు. కాయవలసినవాడు కాయకపోతే, అతని నుంచే ఆ చోటును కాయవలసి వస్తుంది. మన భాషలో దీనికి సామెత ఉండనే ఉంది: కంచే చేను మేసింది.

ఇప్పుడు నాలుగో అధ్యాయం. నేను ఈ సాయంత్రం నిజంగా మాట్లాడదలచింది దీని గురించే, ఎందుకంటే బైబిలులో మొదటి కోత పండుగ ఇక్కడే ఉంది.

ఆదాము కొడుకులిద్దరి గురించి వాక్యం ఇలా అంటుంది: "హేబెలు గొఱ్ఱెల కాపరి, కయీను భూమిని సేద్యపరచువాడు." ఈ వాక్యంలో కయీనుకు ఇచ్చిన క్రియ రెండో అధ్యాయంలోని మొదటి క్రియే. తండ్రికి అప్పగించిన రెండు పనుల్లో సేద్యపరచుట ఈయనకు వచ్చింది. రెండోది ఏమైందన్న ప్రశ్న వచనంలో లేదు, కాని కథంతా దాని మీదనే నడుస్తుంది. కయీను పొలముపంటలో కొంత తెచ్చెను. హేబెలు తొలుచూలున పుట్టినవాటిలో క్రొవ్విన వాటిని తెచ్చెను. దేవుడు హేబెలును, అతని అర్పణను లక్ష్యపెట్టెను. కయీనును, అతని అర్పణను లక్ష్యపెట్టలేదు. దేవుడికి రక్తబలే కావాలి, పంట అక్కర లేదు అని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. ఇద్దరి అర్పణలకూ ఇక్కడ వాడిన హెబ్రీ మాట ఒకటే, లేవీయకాండము రెండో అధ్యాయంలో పిండితో చేసే నైవేద్యానికి వాడిన మాట కూడా అదే. రేపు బియ్యం బస్తా, గుమ్మడికాయ, మిరపకాయలు మోసుకొచ్చేవారు ఎవరూ సిగ్గుపడనక్కర లేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక విశ్వాసం దగ్గర తేడా ఉందంటుంది, యోహాను మొదటి పత్రిక క్రియల దగ్గర ఉందంటుంది. అర్పణ పళ్లెంలో మాత్రం తేడా వెతకవద్దు. ఇంకొక మాట చూడండి. వచనం ముందు మనిషి పేరు చెబుతుంది, తరువాతనే అర్పణను చెబుతుంది. దేవుడు ముందు మనిషిని చూశాడు.

ఇక్కడ ఒక చిన్న చురక వేయకుండా ఉండలేను. మన కోత పండుగలో అర్పణలను పాడే వేలంలో నేను 40 ఏళ్లుగా కూర్చుంటున్నాను. పోయిన ఏడు ఒక గుమ్మడికాయ దాని బజారు ధరకు ఎన్నో రెట్లు పలికింది. ఒక కోడిపుంజు తాడు తెంపుకుని బలిపీఠం దాకా పరుగెత్తింది, పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. సంతోషంగా పాడుకునే ఆ పాటల్లో ఎవరి పాట పైనిది అన్న పంతం కొంచెం కలుస్తుంది. ఓడినవారి ముఖం చిన్నబోతుంది. కయీను ముఖం కూడా చిన్నబోయిందనే వాక్యం చెబుతున్నది, అదీ అర్పణ తెచ్చిన రోజునే.

దేవుడు కయీనును విడిచిపెట్టలేదు. హత్యకు ముందే వచ్చి మాట్లాడాడు: "సత్క్రియ చేయనియెడల వాకిట పాపము పొంచియుండును." వాకిలి కాయవలసిన రోజు వచ్చింది అని చెప్పినట్టే. కయీను దేవుడికి బదులు చెప్పలేదు, తమ్ముడితో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో హెబ్రీ ప్రతిలో లేదు. గ్రీకు అనువాదం "పొలానికి పోదాము" అన్న మాటలు చేర్చింది. ఏమైనా జరిగింది పొలంలోనే. తాను సేద్యపరచే నేల మీదనే తమ్ముణ్ణి చంపాడు.

"నీ తమ్ముడైన హేబెలు ఎక్కడనున్నాడు?" ఇది దేవుడి రెండో "ఎక్కడ". మొదటిసారి నీవు ఎక్కడ అని అడిగినవాడు ఇప్పుడు నీ తమ్ముడు ఎక్కడ అని అడుగుతున్నాడు. కయీను జవాబు మీకు తెలుసు: "నే నెరుగను, నా తమ్మునికి నేను కావలివాడనా?" కావలివాడు అన్న చోట హెబ్రీలో ఉన్నది షామర్ నుంచి వచ్చిన మాటే. తండ్రి తోటలో విన్న మాటను కొడుకు దేవుడి ముఖం మీదికి తిప్పి కొట్టాడు. ఆ ప్రశ్నకు దేవుడు అవును, కావలివాడవే అని బదులు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు. కాయడం వాళ్ల ఇంటి పని, తాత ముత్తాతలు లేని ఆ ఇంట్లో తండ్రి నుంచి వచ్చిన ఒకే ఒక్క ఆస్తి.

ఈ అధ్యాయంలో మొదటి పదహారు వచనాలు చదువుతూ వేళ్లు మడవండి. తమ్ముడు అన్న మాట హెబ్రీలో 7 సార్లు వస్తుంది. చదివేవాడు మరిచిపోకూడదని వ్రాసినవాడు అంత పట్టుపట్టాడు. హేబెలు మాత్రం ఈ కథలో ఒక్క మాట కూడా మాట్లాడడు. హేబెలు అన్న పేరుకు ఊపిరి, ఆవిరి అని అర్థం. ప్రసంగి గ్రంథంలో "వ్యర్థము" అని మనం చదివేది ఈ మాటనే. బ్రతికి ఉండగా ఆవిరిలా మాట లేకుండా ఉన్నవాడి రక్తానికి చనిపోయాక గొంతు వచ్చింది: "నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొరపెట్టుచున్నది." రక్తం అన్న మాట హెబ్రీలో బహువచనంలో ఉంది, హేబెలు రక్తమే కాక, అతనికి పుట్టవలసిన తరాలన్నిటి రక్తం అని యూదుల ప్రాచీన ధర్మబోధల సంకలనమైన మిష్నా వివరిస్తుంది. తరువాత శిక్ష. "నీవు నేలను సేద్యపరుచునప్పుడు అది తన సారమును ఇక మీదట నీకియ్యదు." తమ్ముణ్ణి కాయనివాడికి నేల కాయదు. సేద్యం ఒకటి చేసి కావలి ఒకటి మానేస్తానంటే కుదరదు, నేల ఆ రెంటినీ ఒకే పనిగా చూస్తుంది.

మన నేల ఈ మాటను ఒకసారి వినింది. 1832, 33 సంవత్సరాల్లో గుంటూరు సీమ మీద పడిన కరువును మన పెద్దలు నందన కరువు అన్నారు, డొక్కల కరువు అన్నారు. 5 లక్షల జనంలో లక్షన్నర మంది దాకా చనిపోయారని నాటి లెక్కలు చెబుతాయి. ఆ తరువాతనే కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది, 1855 నాటికి. ఆ కరువు ముగిసి 10 ఏళ్లయినా కాకముందే, 1842 జులై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టారు. ఆయన వచ్చింది ఇంకా ఎముకలు మరిచిపోని ఊరికి. 1883లో వచ్చిన వైద్య మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి కోసం ఎందుకంత పట్టుపట్టారో కూడా అందులోనే అర్థమవుతుంది. ఈ హాలులో కూర్చున్న పెద్దవాళ్లలో ఎందరో పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. వాక్యం చెప్పి ఊరుకున్నవారు కాదు, ఒళ్లు కాచినవారు.

ఇటీవలి సంగతి మీకూ తెలుసు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు వాగు సింగ్ నగర్ మీద, ఆ చుట్టుపక్కల కాలనీల మీద పడింది. మరునాటికి ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. మన యౌవనులు అన్నం పొట్లాలు పట్టుకుని అక్కడికి వెళ్లారు, నడుము లోతు నీళ్లలో మేడల మీదికి అందించారు. సృష్టి మూడో దినమున దేవుడు జలములు ఒకచోట కూర్చబడవలెనని పలికి, వాటికొక చోటు ఇచ్చాడు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఆ వాగుకు కూడా ఒక చోటు ఉండేది. ఆ చోటును ఎవరూ కాయలేదు. నీటి దారిని ప్లాట్లుగా కొలిచి అమ్మినవారు వేరు, ఉన్న కాస్త డబ్బు పోసి కొనుక్కుని మునిగినవారు వేరు. వాగును కాయకపోవడం, తమ్ముణ్ణి కాయకపోవడం రెండు వేరు వేరు పాపాలు అని నాకు ఆ రోజు అనిపించలేదు.

ఇంకా దగ్గరికి వస్తాను, మీకు నొప్పి కలిగితే క్షమించండి. రేపు మనం దేవుడి ముందు పెట్టే మిర్చిని కోసిందెవరు? ఆదోని, మంత్రాలయం వైపు నుంచి ఏటా ఈ కోతల రోజుల్లో కుటుంబాలకు కుటుంబాలు మన జిల్లాకు వలస వస్తాయి. చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటారు. పిల్లలు బడి మానేసి వెంట వస్తారు. పెద్ద పిల్ల చిన్న పిల్లవాణ్ణి కాస్తుంది, తల్లి కాయ కోస్తుంది. ఆ ఘాటుకు వాళ్ల చేతులు సాయంత్రానికి మండుతాయి. మన ప్రథమ ఫలాల బస్తా మీద ఆ చేతుల చెమట ఉంది, ఆ చేతులవారు మాత్రం మన బల్లల మీద లేరు. వారిలో క్రైస్తవులు ఎందరు అని నన్ను అడగకండి. హేబెలు ఏ సంఘ సభ్యుడని దేవుడు కయీనును అడగలేదు.

ఇంత విన్నాక, ఎవరు కాయగలరు ఇంతమందిని అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. అప్పుడు నేను యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయం తెరుస్తాను. అక్కడ కూడా ఒక తోట ఉంది, రాత్రి ఉంది, దివిటీలు పట్టుకుని వెదకుతూ వచ్చినవారు ఉన్నారు. ఆదాము తోటలో చెట్ల మధ్య దాక్కున్నాడు; యేసు ప్రభువు ఎదురు వెళ్లి, మీరెవరిని వెదకుచున్నారు అని తానే అడిగాడు. తరువాత శిష్యులను చూపిస్తూ, నన్ను వెదకుచున్నయెడల వీరిని పోనియ్యుడి అన్నాడు. నీవు నాకు అనుగ్రహించినవారిలో ఒకనినైనను నేను పోగొట్టుకొనలేదు అన్న మాట నెరవేరునట్లు ఇది జరిగిందని యోహాను వ్రాశాడు. నా తమ్మునికి నేను కావలివాడనా అన్న ప్రశ్నకు ఏదెను వెలుపల దొరకని జవాబు ఆ తోటలో దొరికింది. పదేళ్ల మా తమ్ముడు పట్టా మీద అడ్డంగా పడుకున్న సంగతి నాకు ఎప్పుడూ ఈ అధ్యాయం చదివేటప్పుడే గుర్తుకు వస్తుంది.

చివరిగా కయీనును ఒంటరిగా వదిలి వెళ్లడం న్యాయం కాదు. దేశదిమ్మరివై యుందువు అన్న తీర్పు విని అతడు భయపడ్డాడు, కనుగొనువాడు నన్ను చంపును అన్నాడు. తమ్ముణ్ణి కాయనివాడికి ఇప్పుడు కాపలా కావలసి వచ్చింది. అప్పుడు "ఎవడైనను కయీనును కనుగొని అతనిని చంపకయుండునట్లు యెహోవా అతనికి ఒక గురుతు వేసెను." ఆ గురుతు ఏమిటో వాక్యం చెప్పదు, దాన్ని అవమానపు ముద్ర అనుకుని మనుషుల ఒంటి రంగుల మీద అంటగట్టినవారు చరిత్రలో ఉన్నారు, వారు చదివింది తప్పు. అది కాపుదల గురుతు. తరాలు గడిచాక, అన్నను మోసం చేసి, అన్న చేతిలో చావు తప్పించుకోవడానికి పారిపోతూ రాయి తలకింద పెట్టుకుని పడుకున్న యాకోబుకు దేవుడు మాట ఇచ్చాడు: "నీవు వెళ్లు ప్రతి స్థలమందు నిన్ను కాపాడుచు." ఆదికాండములో దేవుడు ఒక మనిషిని కాపాడతానని ఈ షామర్ మాటతో పలికిన మొదటి చోటు అది, ఇరవైఎనిమిదో అధ్యాయం, 15వ వచనం. ఆ మాట విన్నవాడూ తోడబుట్టినవాడికి ద్రోహం చేసి వచ్చినవాడే.

రేపు ఆరాధన 9 గంటలకు. అర్పణలు 8 గంటలకే తెచ్చి కుడివైపు వసారాలో పెట్టమని పెద్దలు చెప్పమన్నారు. బైపాసు అవతల చేలల్లో ఉన్న గుడారాల దగ్గరికి ఉదయం 7 గంటలకు ట్రాక్టరు తీసుకుని నేనూ మా తమ్ముడూ వెళుతున్నాం. ట్రక్కులో ఇంకా చోటు ఉంది, రాగలిగినవారు రండి. ఇప్పుడు అయ్యగారు ప్రార్థన చేస్తారు, తలలు వంచుదాం.